1982లో పెళ్లయిన కూతురికి 16 ఎకరాల్లో వాటా వస్తుందా?

ఆలూరు_చేలు: తాతల నాటి ఉమ్మడి భూమి 16 ఎకరాలు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పెళ్లి 1982లో. తండ్రి 2010లో వీలునామా రాయకుండా పోయినాడు, తల్లి ఉంది. 1998లో పెద్దమనుషులు కొడుకులిద్దరికీ పంచినారు, తెల్లకాగితం మీద సంతకాలున్నాయి. ఇప్పుడు కూతురు దావా వేస్తానంటాంది. నిలుస్తుందా?

హంద్రీగట్టు: నిలవదు. హిందూ వారసత్వ చట్టానికి మన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయినోళ్లకు వాటా లేదని అందులోనే ఉంది.

అడంగల్: అన్నా, ఇంకా దాన్నే పట్టుకుంటే ఎట్లా? 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి ఊసే లేదు. కూతురికి పుట్టుకతోనే హక్కని, ఆ రోజుకు తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీలు చెప్పినారు. లెక్క చూడు. తండ్రి, ముగ్గురు పిల్లలు కలిపి నాలుగు పాళ్లు, తలా 4 ఎకరాలు. తండ్రి 4 ఎకరాలు తల్లికీ పిల్లలకూ ఎకరా ఎకరా. కూతురికి మొత్తం 5. పాత పద్ధతిలో తండ్రికీ కొడుకులకే మూడు పాళ్లు వేసి, తండ్రి పాలు మాత్రం నలుగురికీ పంచితే ఆమెకు 1 ఎకరా 33 సెంట్లే.

హంద్రీగట్టు: 1998లో పంచుకున్న భూమికి లెక్కలేంది?

అడంగల్: 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పారీకత్తు (పంపకం దస్తావేజు) గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటేనే ఆ పంపకం లెక్కలోకి వస్తుంది. తెల్లకాగితం చాలదు.

హంద్రీగట్టు: అదే తీర్పులో మినహాయింపుంది, దాన్ని దాటేస్తాండావు. ప్రభుత్వ రికార్డుల ఆధారముంటే నోటి పంపకాన్నీ ఒప్పుకోవచ్చు. ఇద్దరికీ వేర్వేరు పాసుబుక్కులు, అడంగల్‌లో (ఊరి సాగు రికార్డులో) వేర్వేరు సాగు పేర్లు, వేర్వేరు పంటరుణాలు.

అడంగల్: 1998 నాటి నుంచి ఉంటే గట్టి వాదనే. కానీ వీళ్ల పాసుబుక్కులు ఎప్పుడు వచ్చినాయో ఎవరూ చెప్పలేదు. తండ్రి పోయినాక మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పిడి) చేయించుకున్నవైతే అది పంపకానికి సాక్ష్యం కాదు.

పత్తిగింజ: దావాలో రాత జాగ్రత్త. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానంటే స్థిర కోర్టు ఫీజు. వెళ్లగొట్టినారని రాస్తే ఆమె వాటా మార్కెట్ విలువ మీద ఫీజు, పైగా వెళ్లగొట్టిన సంగతి తెలిసినప్పటి నుంచి 12 ఏళ్ల గడువు మీద పడుతుంది.

హంద్రీగట్టు: కట్నం, కాన్పులు, పసుపుకుంకుమ కింద ఇచ్చింది అంతా ఎవరు పెట్టినట్టు? ముసలోళ్లను ఎవరు చూసినారు? ధర పెరిగినాకే పుట్టిల్లు గుర్తొస్తుందా?

అడంగల్: ఇప్పుడు బయటపడినావు. 1985, 1998 అంటూ ఇంతసేపు తేదీలు చెప్పినావు గానీ నీ మాట ఇదే. కట్నాన్ని వాటాలో కోసుకోవడం వారసత్వ చట్టంలో యాడుంది? సేవకు వాటా ఎక్కువ అని యాడుంది? తండ్రి తన వాటాను చూసుకున్న కొడుక్కు వీలునామా రాసుండొచ్చు, రాయలేదు.

హంద్రీగట్టు: చట్టంలో లేకపోతే న్యాయం కాదా?

తుంగ_నీళ్లు: ఆ న్యాయం అడిగేది ఆడబిడ్డనేనా? పుట్టింటికి రానియ్యం అని బెదిరించి హక్కు విడుదల దస్తావేజు రాయించుకునేటప్పుడు ఈ మాట రాదు.

ఆలూరు_చేలు: ఇంకో మాట. అందులో 4 ఎకరాలు 2003లోనే రిజిస్ట్రీ చేసి అమ్మినారు.

అడంగల్: ముందే చెప్పాల్సింది! కొన్నోళ్లను కదిలించలేరు, ఆ అమ్మకం 2004 డిసెంబరు 20కి ముందుది. మిగిలింది 12, ఆమెకు అందులో 3 ఎకరాల 75 సెంట్లు. దావా వేసినాక అమ్మితే మాత్రం కొన్నోడు తీర్పుకు కట్టుబడాల్సిందే. ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రీల పత్రం) తీసి సర్వే నంబర్లన్నీ ముందు సరిచూసుకోమనండి.