దూరపు సవారీలో గుర్రానికి మార్కులు వేసేటప్పుడు రౌతు బరువును ఎంతవరకు లెక్కించాలి?

మొయినాబాద్ సవారీ:
మా వైపు గుర్రాలు పెంచుకునే కొందరం కలిసి ఈ చలికాలంలో 40 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్ రైడ్ పెట్టుకుంటున్నాం. ముందుగా వచ్చిన గుర్రానికి కాక, దూరం పూర్తిచేశాక కూడా ఒంట్లో సత్తువ మిగిలిన గుర్రానికే పెద్ద బహుమతి ఇవ్వాలని అనుకున్నాం. జీనుతో కలిపి నేను 92 కిలోలు తూగుతాను, నాది 480 కిలోల థరోబ్రెడ్ జాతి గుర్రం. మా బృందంలోని ఒక అమ్మాయి జీనుతో సహా 62 కిలోలు, ఆమె ఎక్కేది 330 కిలోల కాఠియావాడీ జాతి గుర్రం. బరువుకు మార్కులు కలిపితే ఆమెకు అన్యాయమని కొందరు, కలపకపోతే నా గుర్రానికి అన్యాయమని కొందరు అంటున్నారు. ఏది సబబో తెలిసినవారు చెప్పగలరు.

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
అమెరికాలో దూరపు సవారీలను పర్యవేక్షించే అమెరికన్ ఎండ్యూరెన్స్ రైడ్ కాన్ఫరెన్స్ పద్ధతిలో పశువైద్య పరీక్షకు 500, సమయానికి 200, బరువుకు 100 మార్కులు ఉంటాయి. అందరికంటే బరువైన రౌతుకు 100 వేసి, తక్కినవారికి ఒక్కో పౌండు తగ్గేకొద్దీ అర మార్కు తీసేస్తారు. సమయంలో, ముందొచ్చినవారికంటే వెనకబడిన ప్రతి నిమిషానికి ఒక మార్కు పోతుంది. మీ ఇద్దరి మధ్య ఉన్న 30 కిలోలు సుమారు 66 పౌండ్లు, అంటే 33 మార్కులు. ఆ అమ్మాయి మీకంటే 33 నిమిషాలు ముందొస్తే తప్ప ఆ లోటు పూడదు. 160 కిలోమీటర్ల పోటీలో అది సాధ్యమే గానీ, కొద్ది గంటల్లోనే ముగిసే మీ సవారీలో చాలా కష్టం. ఆ పట్టికను ఉన్నదున్నట్టు తెచ్చుకోవద్దని నా సలహా.

మలక్‌పేట పాతకాపు:
మా రేస్‌కోర్సులో హ్యాండిక్యాప్ పందేలకు మంచి గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు, జాకీ తేలికైతే జీను కింద సీసం పలకలు చేరుస్తారు. అక్కడి ఉద్దేశం గెలుపు అవకాశాలను సమం చేయడం. మీరు చూడదలచింది గుర్రం పడిన శ్రమను. అందుకు కిలోల కంటే నిష్పత్తి ముఖ్యం. మీ 92 కిలోలు మీ గుర్రం బరువులో 19 శాతం, ఆమె 62 కిలోలు కూడా ఆమె గుర్రం బరువులో దాదాపు అంతే. మోత సమానమైనప్పుడు 33 మార్కులు ఎందుకివ్వాలి?

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
పాతకాపు గారి లెక్కతో ఏకీభవిస్తాను, అయితే అందులోనూ ఒక లొసుగు ఉంది. కొవ్వు పట్టిన గుర్రం కాటా మీద బరువు తూగుతుంది కాబట్టి నిష్పత్తి తగ్గి కనిపిస్తుంది, మోసే ఎముక మాత్రం పెరగదు. మరోవైపు బక్కచిక్కిన గుర్రమూ నిలబడదు: అమెరికాలో జరిగే 160 కిలోమీటర్ల టెవిస్ కప్ పోటీ గుర్రాలపై 1999లో అచ్చైన అధ్యయనంలో, గమ్యం చేరినవాటికీ ఆగిపోయినవాటికీ మధ్య తేడా కనిపించింది గుర్రం ఒంటిపుష్టిలోనే, రౌతు బరువులో కాదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మనవాళ్లన్నారు గానీ, కదలకుండా ఓ పక్కకు ఒరిగి కూర్చునే 60 కిలోల రౌతు కంటే రికాబులలో నిలబడి నడకకు తగ్గట్టు లేచి కూర్చునే 90 కిలోల రౌతే గుర్రానికి నయం. జీను తీశాక వెన్నెముకకు రెండువైపులా బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్లండి, ఒరిగి కూర్చున్న రౌతు గుర్రం ఆ వైపున మాత్రమే వీపు దించి తప్పించుకుంటుంది. దానికి వీపు పరీక్షలోనే మార్కులు తగ్గుతాయి, బరువు పట్టికతో పనిలేదు.

మీ పోటీకైతే బరువుకు 20 మార్కులకు మించి ఇవ్వకండి, అవి కూడా నిష్పత్తి ప్రకారమే. గుండె వేగం తగ్గడం, ఒంట్లో నీరు, పుండ్లూ వీపు నొప్పీ, కుంటు, నడక తీరు, ఈ ఐదింటికీ వైద్యుడు మార్కులు వేసి సంతకం చేశాకే బరువుల కాగితం ఆయనకు చూపించండి.

మొయినాబాద్ సవారీ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. గుర్రాన్ని తూచే కాటా మా దగ్గర లేదు. ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో వర్గం చేసి, ఒంటి పొడవుతో గుణించి, 11,880తో భాగించే పాత సూత్రం సరిపోతుందా?

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
సరిపోతుంది. అయితే అన్ని గుర్రాలనూ ఒకే మనిషి, ఒకే టేపుతో, మేత పెట్టకముందు కొలవాలి.