స్కాలర్‌షిప్ రిజల్ట్ రాలేదు, హౌసింగ్ డిపాజిట్ కట్టమంటున్నారు. ఏం చేయాలి?

ఫ్రిస్కో నుంచి, కొత్తగా వచ్చినవాళ్ళం

అందరికీ నమస్కారం. పోయిన అక్టోబరులో హైదరాబాద్ నుంచి వచ్చాం. నాది హెచ్1బి, మా అమ్మాయి హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఇక్కడ 12వ గ్రేడ్ చదువుతోంది. టెక్సస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి అడ్మిషన్ వచ్చింది, అక్కడే ఫుల్ రైడ్ (ఫీజు, హాస్టల్, భోజనం అన్నీ కలిపి ఇచ్చే) స్కాలర్‌షిప్‌కి ఫైనలిస్టుల్లో ఉంది, ఇంటర్వ్యూ కూడా అయిపోయింది. రిజల్ట్ ఏప్రిల్లో అంటారు తప్ప తేదీ చెప్పరు. వేరే రాష్ట్రంలో ఒక ప్రైవేట్ కాలేజీలో కూడా వచ్చింది. ఈలోగా రెండు చోట్ల నుంచీ డిపాజిట్ కట్టండి, హౌసింగ్ నిండిపోతోంది అని మెయిల్ మీద మెయిల్. కట్టకపోతే రూమ్ దొరకదేమో, కడితే డబ్బు పోతుందేమో. మా ఆవిడ రోజుకి పదిసార్లు పోర్టల్ తెరుస్తోంది. ఊళ్ళో నాన్నగారేమో "సీటు వచ్చినట్టా రానట్టా, ఒక్క మాట చెప్పరా" అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

ప్లేనో నుంచి

ముందు పాపకి కంగ్రాట్స్. అమెరికా స్కూల్లో కాలుపెట్టిన ఏడాదే ఫైనలిస్ట్ అయిందంటే మామూలు పిల్ల కాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీకొచ్చిన మెయిళ్ళన్నీ మళ్ళీ ఒకసారి తెరవండి, అన్నిట్లోనూ అడిగేది ఒకే డబ్బు కాదు. ఒకటి ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్, అంటే మీ కాలేజీలోనే చేరుతున్నాం అని మాట ఇవ్వడం, ఇది చాలా చోట్ల తిరిగి రాదు. రెండోది హౌసింగ్ అప్లికేషన్ ఫీజు, చిన్న మొత్తమే కానీ ఇదీ తిరిగి రాదు. మూడోది హౌసింగ్ డిపాజిట్ లేదా ముందస్తు చెల్లింపు, ఫలానా తేదీలోపు క్యాన్సిల్ చేస్తే వెనక్కి ఇచ్చేస్తామని చాలా కాలేజీలు తమ నిబంధనల్లో ఎక్కడో ఒకచోట రాస్తాయి, ఆ తేదీ మాత్రం మెయిల్లో ఉండదు, హౌసింగ్ వాళ్ళ వెబ్‌సైట్లో క్యాన్సిలేషన్ అన్న పేజీలో వెతుక్కోవాలి. ఈ మూడూ ఒకే పోర్టల్లో, ఒకే రంగు బటన్లతో పక్కపక్కనే ఉంటాయి, తొందరలో దేనికి కడుతున్నామో చూసుకోం.

నేనైతే ఇలా చేస్తాను. హౌసింగ్ అప్లికేషన్ మాత్రం ఇవాళే పెట్టేస్తాను, ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ కట్టకుండా అప్లై చేయనిస్తే రెండు చోట్లా పెడతాను. ఎందుకంటే చాలా క్యాంపస్‌లలో రూమ్ ఎంచుకునే వరుస అప్లికేషన్ పెట్టిన తేదీని బట్టే ఉంటుంది, ముందు పెట్టినవాళ్ళకి ముందు టైమ్ స్లాట్. ఆ ఫీజు పోయినా పోనివ్వండి, మనశ్శాంతి ఖర్చు అనుకోండి. ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ మాత్రం ఏప్రిల్ ఆఖరి వారం దాకా ముట్టుకోను. గడువు సాధారణంగా మే 1, కానీ మీ లెటర్లో వేరే తేదీ ఉంటే అదే లెక్క. రెండు కాలేజీలకీ ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ కట్టడం మాత్రం వద్దు, ఇక్కడ దాన్ని తప్పుగా చూస్తారు, తెలిస్తే అడ్మిషన్ వెనక్కి తీసుకునే హక్కు కూడా కాలేజీలకి ఉంటుంది.

మనకి అలవాటైంది ఎంసెట్ కౌన్సెలింగ్ (ఇప్పుడు ఈఏపీసెట్ అనాలిగా). ర్యాంకు తెలుసు, పోయినేడు కటాఫ్ తెలుసు, వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటాం, ఒక సీటుకి ఫీజు కట్టి పట్టుకుని తర్వాతి రౌండులో పైకి జరుగుతాం. ఆ ధీమాతోనే మనవాళ్ళు ఇక్కడ కూడా ముందు ఒకటి కట్టేసి తర్వాత చూద్దాం అనుకుంటారు. ఇక్కడ పైకి జరగడం అనేది లేదు, వదులుకున్నది వదులుకున్నట్టే. మార్కులు చూసి స్కాలర్‌షిప్ వచ్చి తీరుతుందని లెక్కలు వేసుకోవడమూ కుదరదు, ఫైనలిస్టుల్లో అందరికీ మార్కులు ఉంటాయి.

ఏప్రిల్ దాకా ఎందుకు సాగదీస్తారంటే, ఇలాంటి పెద్ద ప్రోగ్రాంలలో (యూటీ డల్లాస్‌లో మెక్‌డెర్మట్, ఆస్టిన్‌లో ఫార్టీ ఏకర్స్, నార్త్ కరోలినాలో 1945 నుంచి నడుస్తున్న మోర్‌హెడ్-కేన్, ఇలాంటివి) ఫైనలిస్టులే హార్వర్డ్, ప్రిన్స్‌టన్‌లకి కూడా అప్లై చేసి ఉంటారు. ఐవీ లీగ్ ఫలితాలు మార్చి చివర్లో వస్తాయి. అప్పుడు కొందరు అటు వెళ్ళిపోతారు, ఇటు ఖాళీలు వస్తాయి, ఆల్టర్నేట్లుగా పెట్టుకున్నవాళ్ళని పిలుస్తారు. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలో కబురు రాకపోతే అయిపోయిందని అనుకోవద్దు. వచ్చేసిందనీ అనుకోవద్దు. మెక్‌డెర్మట్ అంటే గుర్తొచ్చింది, ఆ స్కాలర్‌షిప్ పేరులో ఉన్న యూజీన్ మెక్‌డెర్మట్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇక్కడి మన సగం మందికి అన్నం పెట్టిన కంపెనీ.

ఇక అసలు విషయం. ఎవరూ మీకు చెప్పి ఉండరు, నా దృష్టిలో ఫుల్ రైడ్ కన్నా ముందు ఆలోచించాల్సింది ఇదే. మీరు వచ్చింది అక్టోబరులో. టెక్సస్‌లో ఇన్-స్టేట్ ఫీజు (ఈ రాష్ట్రం వాళ్ళకి వేసే తక్కువ ఫీజు) కావాలంటే, సెమిస్టర్ సెన్సస్ డేట్‌కి (విద్యార్థుల లెక్క అధికారికంగా తేల్చే రోజుకి) ముందు 12 నెలలు తల్లిదండ్రులు ఇక్కడ స్థిరంగా నివాసం ఉండి ఉండాలి. హెచ్1బి, హెచ్4 వాళ్ళు ఇలా నివాసం ఏర్పరచుకోవచ్చు, వీసా అడ్డు కాదు, నెలలే అడ్డు. ఆ సెన్సస్ డేట్ సెప్టెంబరులో పడుతుంది, అప్పటికి మీకు ఏడాది నిండదు. అంటే ఫాల్ సెమిస్టర్‌కి మీ పాప బయటి రాష్ట్రం విద్యార్థి కింద లెక్క, ఫీజు రెండు మూడు రెట్లు ఉంటుంది.

దీనికో దారి ఉంది. టెక్సస్ చట్టం ప్రకారం, ప్రభుత్వ యూనివర్సిటీలో ఏడాదికి కనీసం 1000 డాలర్ల పోటీ స్కాలర్‌షిప్ వచ్చిన బయటి విద్యార్థికి ఆ యూనివర్సిటీ ఇన్-స్టేట్ ఫీజే వేయొచ్చు. ఆ స్కాలర్‌షిప్ టెక్సస్ పిల్లలతో కూడా పోటీపడి గెలిచిందై ఉండాలి, యూనివర్సిటీ గుర్తించిన కమిటీయే ఇచ్చి ఉండాలి, కాబట్టి బయట సంఘాలు ఇచ్చేవి దీనికి పనికిరావు. మొత్తం విద్యార్థుల్లో 5 శాతానికి మించి ఇలా ఇవ్వకూడదు, ఇచ్చి తీరాలనే బలవంతమూ లేదు, అందుకే ఒక క్యాంపస్‌లో ధారాళంగా ఇస్తారు, ఇంకో చోట పిసినారితనం. ఫుల్ రైడ్ రాకపోయినా డిపార్ట్‌మెంట్ ఇచ్చే చిన్న స్కాలర్‌షిప్ ఒక్కటి వస్తే చాలు, దాని విలువ 1000 కాదు, ఫీజులో మిగిలే వేల డాలర్లు. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఫోన్ చేసి "కాంపిటిటివ్ స్కాలర్‌షిప్ వేవర్ మీ దగ్గర ఉందా, ఏ స్కాలర్‌షిప్‌లకి వర్తిస్తుంది, డిపార్ట్‌మెంట్ వాటికి గడువు ఇంకా ఉందా" అని అడగండి. ఇదే మాటలతో అడగండి, లేకపోతే ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ ఫారం) నింపారా అంటారు. హెచ్4 పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ ఎలాగూ లేదు.

అక్టోబరు దాటాక స్ప్రింగ్ సెమిస్టర్ కోసం రెసిడెన్సీ మళ్ళీ పరిశీలించమని అప్లై చేయండి. లీజు అగ్రిమెంట్, పే స్టబ్స్, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్స్, ఉద్యోగం లెటర్ ఇప్పటినుంచే ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. ఈ మధ్యలో పాపని ఎఫ్1కి (స్టూడెంట్ వీసాకి) మార్చమని ఎవరైనా సలహా ఇస్తే, రెసిడెన్సీ ఆఫీసుని అడగకుండా ఆ పని చేయకండి, ఎఫ్1 మీద టెక్సస్ నివాసం లెక్కలోకి రాదు.

చిన్న సంగతులు రెండు. హెచ్4 పాపకి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉండదు కదా, హౌసింగ్ ఫారంలో ఆ గడి ఖాళీగా వదలండి, మీది మాత్రం వేయొద్దు. రెండోది, ఫుల్ రైడ్ వస్తే ట్యూషన్, పుస్తకాల భాగానికి పన్ను లేదు గానీ హాస్టల్, భోజనం కింద ఇచ్చే డబ్బు పన్ను పరిధిలోకి వస్తుంది. పాపకి ఐటిన్ (ఎస్ఎస్ఎన్ లేనివాళ్ళకి ఇచ్చే పన్ను నంబర్) తీసుకోవాల్సి రావచ్చు, మీ పన్నులు చూసే సీపీఏతో ముందే మాట్లాడండి.

ఆస్టిన్ నుంచి, థర్డ్ ఇయర్ స్టూడెంట్

అంకుల్, పైన ఆంటీ చెప్పినదానికి కొంచెం కలుపుతాను. హౌసింగ్ అప్లికేషన్ వేరు, హౌసింగ్ కాంట్రాక్ట్ వేరు. అప్లికేషన్ పెట్టండి, కాంట్రాక్ట్ మీద సైన్ మాత్రం కాలేజీ ఖాయమయ్యాకే. కాంట్రాక్ట్ అంటే ఆగస్టు నుంచి మే దాకా మొత్తం ఏడాదికి, తర్వాత మనసు మారితే పెనాల్టీ గట్టిగా ఉంటుంది. కొన్ని పోర్టల్స్‌లో రెండూ ఒకే క్లిక్‌లో అయిపోతాయి, చివరి పేజీలో పేరు టైప్ చేయమంటే అక్కడ ఆగి చదవండి. మీ అమ్మాయికి 18 నిండకపోతే మీ సంతకం కూడా అడుగుతారు, అదే మీకు బ్రేక్ అనుకోండి.

డార్మ్ దొరకదేమో అన్న భయంతో క్యాంపస్ పక్కన ప్రైవేట్ అపార్ట్‌మెంట్ మాత్రం ఇప్పుడే తీసుకోకండి. టూర్‌కి వెళ్తే లీజింగ్ ఆఫీసులో కుకీలు పెట్టి "ఈ రేటు ఇవాళ ఒక్కరోజే" అంటారు, వచ్చే వారం వెళ్ళినా అదే ఇవాళ. అవి 12 నెలల లీజులు, వదిలేయాలంటే మీరే ఇంకొకరిని వెతికి రీలెట్ ఫీజు కట్టాలి. పైగా మీరు కొత్తగా వచ్చారు, క్రెడిట్ హిస్టరీ చాలదు అని గ్యారంటర్‌నో ఎక్కువ డిపాజిట్‌నో అడుగుతారు.

ఇంకోటి, మెనింజైటిస్ టీకా. 22 ఏళ్ళలోపు వాళ్ళకి టెక్సస్‌లో తప్పనిసరి, గత 5 ఏళ్ళలో వేయించుకున్నదై ఉండాలి, క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందే అయిపోవాలి. ఇండియాలో మామూలు టీకాల జాబితాలో ఇది లేదు కాబట్టి చాలామంది మన పిల్లల కార్డుల్లో ఉండదు. స్కూల్లో చేరేటప్పుడు ఇక్కడ వేయించి ఉంటే ఆ రికార్డు వెతికి పెట్టుకోండి.

రూమ్మేట్ గురించి టెన్షన్ వద్దు. అడ్మిటెడ్ స్టూడెంట్స్ గ్రూపుల్లో ఏప్రిల్ చివర్లో అందరూ ఒకేసారి వెతుకుతారు. "సాంబార్ వాసన పర్లేదా" అని అడిగితే చాలు, సగం లిస్టు తేలిపోతుంది.

ఫ్రిస్కో నుంచి

ఆ 1000 డాలర్ల సంగతి ఇక్కడ ఒక్కరు కూడా చెప్పలేదండీ. మా ఆఫీసులో మనవాళ్ళే డజను మంది ఉన్నారు, అందరూ గ్రీన్ కార్డ్ వచ్చాక పిల్లల్ని కాలేజీకి పంపినవాళ్ళు, వాళ్ళకి ఈ బాధ తెలియదు. హౌసింగ్ అప్లికేషన్లు రెండు చోట్లా ఇవాళ పెట్టేశాం. ఒక్క అనుమానం, స్కాలర్‌షిప్ వాళ్ళకి నేను మెయిల్ పెట్టి "మే 1 లోపు చెప్పగలరా, లేకపోతే డిపాజిట్ గడువు పెంచుతారా" అని అడగొచ్చా? ఒత్తిడి చేస్తున్నాం అనుకుని తీసేస్తారేమో అని మా ఆవిడ భయం.

ప్లేనో నుంచి

అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు, ఏప్రిల్ వచ్చిందంటే వాళ్ళకి రోజూ వచ్చే మెయిళ్ళే ఇవి. కానీ మీరు కాదు, పాప రాయాలి, తన స్టూడెంట్ ఐడీ సబ్జెక్ట్ లైన్లో పెట్టి. నాన్న రాస్తే "విద్యార్థి వివరాలు మీకు చెప్పలేం" అని మర్యాదగా తిప్పి పంపుతారు, ఇక్కడి పద్ధతి అలాంటిది. నాలుగు వాక్యాలు చాలు: ఫైనలిస్టుగా ఎంచుకున్నందుకు థాంక్స్, నాకు ఇంకో కాలేజీకి మే 1 లోపు జవాబు చెప్పాల్సి ఉంది, మీ నిర్ణయం ఎప్పుడు తెలిసే అవకాశం ఉంది, అప్పటిదాకా ఎన్‌రోల్‌మెంట్ డిపాజిట్ గడువు పొడిగించే వీలుంటే ఎవరిని అడగాలి. ఇంటి కష్టాలు, వీసా కథ, మా నాన్న ఉద్యోగం, ఇవేవీ వద్దు. గడువు పొడిగింపు స్కాలర్‌షిప్ వాళ్ళ చేతిలో ఉండదు, అడ్మిషన్స్ ఆఫీసు చేతిలో ఉంటుంది, కాబట్టి అదే మెయిల్ అడ్మిషన్స్‌కి విడిగా పంపించండి. పొడిగిస్తే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో ఎవరో "పర్లేదు" అన్నారని ఊరుకోకండి.

ఆ ప్రైవేట్ కాలేజీకి కూడా ఇప్పుడే రాయించండి, ఇచ్చిన స్కాలర్‌షిప్ పెంచే అవకాశం ఉందా అని. 2019లో కాలేజీ అడ్మిషన్లవాళ్ళ జాతీయ సంఘం నియమాలు మారాక కొన్ని కాలేజీలు మే 1 తర్వాత కూడా ఇంకొంచెం ఇస్తాం రండి అని పిలుస్తున్నాయి, అలాంటి మెయిల్ మే నెలలో వస్తే కంగారు పడకండి.

ఏప్రిల్ 30 రాత్రి పోర్టల్ ముందు కూర్చోవద్దు. బ్యాంక్ అకౌంట్ నుంచి కడితే రెండు మూడు రోజులు పట్టొచ్చు, క్రెడిట్ కార్డ్ అయితే పైన సర్వీస్ ఛార్జీ వేస్తారు, కొత్త కార్డుకి లిమిట్ కూడా చాలకపోవచ్చు. 25, 26 తేదీల్లో ఇంట్లో కూర్చుని, స్కాలర్‌షిప్ లేదనుకుంటే ఏ కాలేజీకి నాలుగేళ్ళు కట్టగలమో తేల్చుకోండి, 28కి కట్టేయండి. మీ నాన్నగారికి మాత్రం సీటు వచ్చిందనే చెప్పండి, వచ్చింది కదా.