క్యాథలిక్ ఫాదర్ల నేరాలు దాచిపెట్టిన మేత్రాణులకి (బిషప్పులకి) శిక్ష లేదా?

టెక్కలి ఉపదేశి కొడుకు:
ఫాదర్ గారొస్తే అరుగు మీంచి లేచి నిలబడే ఇల్లు మాది. అలాంటిది మొన్న చర్చిలో బలిపూజ (మాస్) అయ్యాక మా నాన్న చెప్పులేసుకుంటూ అడిగాడు: పిల్లల్ని చెరిచిన గురువుల్ని (ఫాదర్లని) ఒక విచారణ (పారిష్) నుంచి ఇంకో విచారణకి మార్చిన అమెరికాలోని బోస్టన్ కార్డినల్ బెర్నార్డ్ లా 2002లో రాజీనామా చేస్తే, 2004లో రోమ్‌లో అంత పెద్ద బసిలికా (ప్రధాన చర్చి) ఎలా అప్పజెప్పార్రా అని. అది శిక్షా, సన్మానమా?

బొబ్బిలి:
క్షమాపణ వేరు, కుర్చీ వేరండి. అమెరికా మాజీ కార్డినల్ మెకారిక్‌ని 2019లో గురుత్వం (ఫాదర్ హోదా) నుంచే తీసేశారు. కాకపోతే ఆయన స్వయంగా చేసినవాడు. దాచినవాళ్ల సంగతే నానుతోంది.

శ్రీకాకుళం లాయరు:
దాచిన మేత్రాణుల మీదా విచారణ జరపాలని 2019 మేలో పోప్ ఫ్రాన్సిస్ నిబంధన తెచ్చారు. మన పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 21వ సెక్షను ఇంకా సూటిగా ఉంది: కిందివాడి నేరాన్ని పోలీసులకి చెప్పని సంస్థ పెద్దకి ఏడాది దాకా జైలు.

నెల్లిమర్ల:
మన పిల్లలకి బడులూ హాస్టళ్లూ పెట్టింది ఈ ఫాదర్లే. అందర్నీ ఒకే గాటన కట్టకండి.

టెక్కలి ఉపదేశి కొడుకు:
కట్టట్లేదు బాబూ. హాస్టళ్లున్నాయి కాబట్టే అడుగుతున్నాను. ఫిర్యాదుల పెట్టె తాళంచెవి వార్డెన్ దగ్గరే ఉంటే పిల్ల ఏం రాస్తుంది?