నీటి తీరువాలో ‘తీరువా’ ఎక్కడిది?

కాలవగట్టు:
మా తాతయ్య ట్రంకుపెట్టెలో పాత రసీదుల కట్ట దొరికింది. అన్నిటికీ కలిపి దబ్బనంతో గుచ్చి దారం కట్టారు. ఊదారంగు ముద్ర పక్కన ‘నీటి తీరువా’ అని ఉంది. ఇది ‘తీరం’ నుంచి పుట్టిన మాటని నా వాదన. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కాలవ నీళ్ళతో పాటు నీటి పన్నూ వచ్చింది. కాలవ తీరాన ఉన్న చేనుకి కట్టేది తీరువా. కాదంటారా?

లంకపొలం:
తీరమూ కాదు, ఏరూ కాదు. కచేరీ మాటండి. తహసీల్దారు, జమాబందీ, రసీదు, కిస్తు, అన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి దిగినవే. కిస్తంటే అరబ్బీలో వాటా, వాయిదా. తీరువా చివర దీర్ఘం చూడండి, అచ్చం ‘దావా’లా లేదూ?

గోదారిబాబు:
దీర్ఘం చూసి ఊరు చెప్పేస్తే మన సార్వా, దాళ్వా కూడా పారశీకం నుంచే వచ్చాయనాలి, ఆయ్! నేను కొచ్చిలో నాలుగేళ్ళు పనిచేశాను. అక్కడి పేపర్లో దిగుమతి సుంకాన్ని ‘తీరువ’ అనే రాస్తారు. తమిళంలో తీర్వై. బాకీ తీరడం, తగువు తీర్చడం ఉన్నాయి చూడండి, ఆ ‘తీరు’ నుంచే ఇదీ.

కాలవగట్టు:
కొచ్చి రేవు కదండీ. సరుకు దిగేది తీరానే. నా మాటే నెగ్గింది.

గోదారిబాబు:
తమిళంలో భూమి శిస్తు నిలత్తీర్వై. సారా మీద వేసే ఎక్సైజు సుంకం ఆయత్తీర్వై. సారా బట్టీ ఏ తీరాన పెడతారండీ?

కాలవగట్టు:
మా లంకల్లో అయితే తీరానే పెట్టేవారు. సర్లెండి.

పంతులమ్మ:
‘తీరం’ సంస్కృతం, దాన్ని వదిలేయండి. అసలు తగువు వేరే ఉంది. ఈ ‘తీరు’ బాకీ తీరడమా, తీర్పు లాగా తేల్చి చెప్పడమా? నేను రెండోదే అంటాను. ఎకరానికి ఇంతని ముందే తేల్చేస్తారు: సార్వాకి 200, దాళ్వాకి 150, చేపల చెరువుకి 500. ముందు తేలేది రేటు. కట్టడం ఎప్పటికో!

లంకపొలం:
నా దావా వాపసు తీసుకుంటున్నాను. కానీ మేడం, మీ తీర్పు నాకు మింగుడు పడలేదు. మా నాన్నగారు ‘ఇంకా తీరువా ఉంది’ అని అప్పు గురించి చెప్పినట్టే చెప్పేవారు. కట్టొచ్చాక చెప్పులు విప్పుతూ ‘తీరిపోయింది’ అనేవారు. 1988 చట్టం దీన్ని నీటి పన్ను అంది, మా ఊళ్ళో మాత్రం ఇప్పటికీ తీరువాయే.

కాలవగట్టు:
ఇప్పుడే కట్ట విప్పి చూశాను. ఒక రసీదు వెనక తాతయ్య పెన్సిలుతో ‘దాళ్వా తీరువా తీరింది’ అని రాసుకున్నారు. మేడం, దీన్ని సాక్ష్యంగా తీసుకుంటారా?

పంతులమ్మ:
అది తాతయ్యగారి చమత్కారం, వ్యుత్పత్తి కాదు. ఫోటో మాత్రం పెట్టండి, చూస్తాను.