ఐఎన్‌ఎస్ ఖుక్రీ సర్వీసు చరిత్ర: వేటాడాల్సిన ఫ్రిగేటే ఎలా దొరికిపోయింది?

యారాడ_గాలి:
ఖుక్రీ సర్వీసు వివరాలు తేదీల వారీగా రాసుకుంటున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో మునిగిన ఓడ 2021లో విశాఖలో డీకమిషన్ అయిందని ఎందుకు కనిపిస్తోంది? సబ్‌మెరైన్ల వేటకే కట్టిన ఓడ సబ్‌మెరైన్‌కే ఎలా చిక్కింది? సోనార్ (నీటి కింద శబ్దంతో వెతికే పరికరం) పాడైందా?

నాలుగో_వాచ్:
మీరు రెండు ఓడల్ని ఒకే పట్టికలో కలిపేశారండీ. పేరు కాదు, పెనెంట్ నంబరు (ఓడ మీద రాసే గుర్తింపు సంఖ్య) చూడండి. ఎఫ్149 బ్రిటన్‌లోని కౌస్‌లో జె. శామ్యూల్ వైట్ యార్డు కట్టిన టైప్ 14 ఫ్రిగేట్. 1956లో జలప్రవేశం, 1958లో కమిషన్, 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మునక. పీ49 ముంబయిలోని మజగావ్ డాక్ కట్టిన కొర్వెట్, అంటే ఫ్రిగేట్ కన్నా చిన్న యుద్ధనౌక. 1989 ఆగస్టు 23న కమిషనై 2021 డిసెంబరు 23న విశాఖలో రిటైరైంది. డయ్యూలో స్మారకంగా పెట్టేందుకు ఇచ్చింది ఈ రెండోదాన్నే. మొదటిది ఇంకా సముద్రం అడుగునే ఉంది.

పింగ్_ప్లాట్:
రెండో ప్రశ్నకు వస్తే, సోనార్ పాడైందనుకోవడం తేలికైన జవాబు. అసలు చిక్కు దూరంలో ఉంది.

టైప్ 14 చవకలో, త్వరగా కట్టేందుకు గీసిన డిజైన్. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్కటే. పెద్ద ఫిరంగి లేదు, 40 మి.మీ. బోఫోర్స్ గన్లు మాత్రమే. ముఖ్య ఆయుధం సబ్‌మెరైన్ల మీదికి గుండ్లు విసిరే రెండు లింబో మోర్టార్లు, ఒక్కోదానికి మూడు గొట్టాలు. వాటి గుండు సుమారు 900 మీటర్లకు మించి పోదు. ఎదుట ఉన్నది ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే తరగతి పాకిస్తానీ సబ్‌మెరైన్ హంగోర్. దాని హోమింగ్ టార్పెడోలు (లక్ష్యాన్ని తామే వెతుక్కునేవి) కిలోమీటర్ల అవతలి నుంచే వస్తాయి. అంటే లింబో పరిధిలోకి రావాల్సిన అవసరమే దానికి లేదు.

ఇంకొకటి. ఓడ సోనార్ పంపిన పింగ్ (శబ్దం) వెళ్లి, ప్రతిధ్వనిగా తిరిగి రావాలి, అంటే రెండు ప్రయాణాలు. అదే పింగ్ సబ్‌మెరైన్ చెవిన పడటానికి ఒక్క ప్రయాణం చాలు. అందుకే ఓడ తనను పసిగట్టకముందే సబ్‌మెరైన్ ఓడను వింటుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు దాని సొంత చప్పుడు కూడా దాదాపు ఉండదు.

నాలుగో_వాచ్:
ఆ మాట నిజమేగానీ వేగాన్ని వదిలేయకూడదు. గరిష్ఠంగా 27 నాట్లు పోగల ఓడ ఆ రోజు సుమారు 12 నాట్ల మీదే గాలించింది. వేగం పెరిగితే నీటి ఒరిపిడి చప్పుడు సోనార్‌ను ముంచేస్తుంది, తగ్గితే గురి పెట్టేవాడికి పని సులువవుతుంది. సోనార్ పరిధి పెంచే ఒక పరికరాన్ని పరీక్షించేందుకు వేగం తగ్గించారన్న వాదన చాలాచోట్ల ఉంది. నన్నడిగితే, తప్పంతా ఆ పరికరం మీదికి తోసేయడం అతి.

యారాడ_గాలి:
మరి ఖుక్రీతో పాటు వెళ్లిన ఫ్రిగేట్ కిర్పాన్?

పింగ్_ప్లాట్:
హంగోర్ మొదటి టార్పెడో కిర్పాన్ మీదికే. పేలకుండా కింద నుంచి పోయింది. రెండోది ఖుక్రీ కింద పేలింది. నిమిషాల్లో మునక, 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడ వదలలేదు, మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. మూడో టార్పెడో నుంచి కిర్పాన్ తప్పించుకుంది. ఆ తర్వాత కిర్పాన్, అదే తరగతికి చెందిన కుఠార్ రెండూ కోస్ట్‌గార్డ్‌కు వెళ్లాయి. వాటికి మీ పట్టికలో విడి వరస పెట్టండి.