టైప్-సి ట్రిమ్మర్: సి-టు-సి కేబుల్‌తో చచ్చినా ఎక్కట్లేదు, పాత కేబుల్‌తో ఎక్కుతోంది. ఎందుకు?

గడ్డం_గోపి:
పెద్దలకు నమస్కారం. ట్రిమ్మర్‌కి టైప్-సి పోర్టు ఉంది. డబ్బాలో వచ్చిన ఏ-టు-సి కేబుల్‌ని పాత ఫోన్ ఛార్జర్‌కి పెడితే ఎర్ర లైటు వెలిగి బుద్ధిగా ఛార్జింగ్ ఎక్కుతోంది. 65 వాట్ల లాప్‌టాప్ ఛార్జర్‌కి సి-టు-సి కేబుల్‌తో పెడితే మాత్రం లైటే రాదు. తిప్పి పెట్టినా అంతే. ఆ ఛార్జరూ ఆ కేబులూ ఫోన్‌కి, లాప్‌టాప్‌కి శుభ్రంగా పనిచేస్తున్నాయి. పవర్ బ్యాంకు సి పోర్టుతోనూ ఇదే తంతు. అన్నిటికీ ఒకటే కేబుల్ అన్నారు కదా, మరి ఇదేంటి? ఊరెళ్తే ఒక్క ఛార్జర్‌తో సరిపెట్టుకోవాలని ఆశ. ఇంకో డౌటు, అసలు ట్రిమ్మర్‌కి 65 వాట్ల ఛార్జర్ పెట్టొచ్చా, మాడిపోదా?

సోల్డర్_సుబ్బు:
గోపీ, నీ ఛార్జర్ బాగానే ఉంది, కేబులూ బాగానే ఉంది. లోపం ట్రిమ్మర్‌లో. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ట్రిమ్మర్‌లో ఉండాల్సిన రెండు 5.1 కిలో ఓమ్ రెసిస్టర్లు లేకపోవడంలో.

పాత టైప్-ఏ పోర్టులో (వెడల్పాటి యూఎస్‌బీ) 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, అవతల ఎవరున్నా లేకపోయినా. సి పోర్టు అలా కాదు. దానికి సీసీ1, సీసీ2 అని రెండు పిన్నులుంటాయి. అవతలి పరికరం ఆ రెండు పిన్నుల నుంచి గ్రౌండ్‌కి చెరొక 5.1కె రెసిస్టర్ పెట్టుకోవాలి. ఛార్జర్ సీసీ తీగ మీద ఆ రెసిస్టర్ కనిపించేదాకా వీబస్ (కరెంటు మోసే తీగ) మీదకి కరెంటు వదలదు, మల్టీమీటర్ పెట్టి చూస్తే సున్నా చూపిస్తుంది. పెళ్లి భోజనాల్లో విస్తరి వేస్తేనే వడ్డించే రకం సి పోర్టు. విస్తరి ఉందో లేదో చూడకుండా బల్ల మీద అన్నం కుమ్మరించేసే రకం ఏ పోర్టు. మీ ట్రిమ్మర్ కంపెనీ విస్తరి వేయలేదు. పాత మైక్రో యూఎస్‌బీ బోర్డుకే సి సాకెట్ అతికించి, డబ్బా మీద 'టైప్-సి' అని అచ్చేశారు. వాళ్లు డబ్బాలో పెట్టిన ఏ-టు-సి కేబుల్‌తో పరీక్షిస్తే పాసైపోతుంది కాబట్టి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు కూడా.

ఇక మాడిపోవడం గురించి. మాడిపోదు. సి పోర్టు మొదట ఇచ్చేది 5 వోల్టులే. 9, 15, 20 వోల్టులు కావాలంటే పరికరంలోని చిప్ సీసీ తీగ మీద పీడీ (పవర్ డెలివరీ) భాషలో అడగాలి. ట్రిమ్మర్‌కి ఆ భాష రాదు. 65 వాట్లంటే ఇవ్వగల గరిష్ఠం, తోసేసేది కాదు. ట్రిమ్మర్ ఎంత లాగితే అంతే వెళ్తుంది.

నెట్టింటి_నారద:
రెండు రెసిస్టర్లు మిగిల్చి ఎంత వెనకేశారో పాపం. ఆ లెక్కన ఇల్లు కట్టేసుకుని ఉంటారు. ఫ్యాన్, టార్చ్‌లైటు, దోమల బ్యాటు, పిల్లల బొమ్మలు... చౌక సరుకులో ఈ జబ్బు లేనిది వెతుక్కోవాలి.

ఓమ్_ఓంకార్:
సుబ్బు గారు చెప్పింది కరెక్టే. తిప్పి పెట్టినా రాలేదన్న ముక్క కూడా ఆ నిర్ధారణకే సరిపోతోంది. ఒకవైపు పెడితే ఎక్కి, తిప్పితే ఎక్కకపోతే అది వేరే కథ. సి-టు-సి కేబుల్‌లో సీసీ తీగ ఒక్కటే ఉంటుంది, తిప్పినప్పుడు అది రెండో పిన్ను మీదకి వెళ్తుంది. అంటే ఒక రెసిస్టరే ఉంది, లేదా రెండో దాని టంకం ఊడింది, లేదా పోర్టులో చెత్త ఇరుక్కుంది. ముందు టూత్‌పిక్‌తో చెత్త తీసి చూడాలి, పిన్నీసు పెట్టకూడదు.

విప్పి బాగుచేసుకునే ఓపికుంటే ఇదీ పద్ధతి. కరెంటు కోసం మాత్రమే పెట్టే సాకెట్లు ఎక్కువగా ఆరు పిన్నులవి. వరసలో బయటి రెండూ గ్రౌండ్, వాటి పక్కవి రెండూ వీబస్, నట్టనడుమ రెండూ సీసీ. ముందు బ్యాటరీ తీగ ఒకటి ఊడదీయాలి. లిథియం సెల్ మీద వేడి సోల్డరింగ్ ఐరన్ జారితే గడ్డంతో పాటు కనుబొమలూ పోతాయి. తర్వాత ఒక్కో సీసీ పిన్ను నుంచి గ్రౌండ్‌కి ఒక్కో 5.1కె. కాళ్లున్న రెసిస్టరైతే రంగులు ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు, చివర బంగారు. కాళ్లు లేకుండా బోర్డుకే అతికే చిన్న ఎస్‌ఎండీ అయితే మీద 512 అని ఉంటుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పక్క పిన్నులు కలిసిపోలేదని మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూశాకే బ్యాటరీ తగిలించండి. వీబస్‌కీ సీసీకీ మధ్య టంకం వంతెన పడితే ఛార్జర్ వైపు కూడా దెబ్బతినొచ్చు.

ఖర్చు కలిసొస్తుందని రెండు సీసీలనీ కలిపి ఒకే రెసిస్టర్ వేయకండి. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే బుల్లి కంప్యూటర్ మొదటి బోర్డుల్లో సరిగ్గా ఇదే జరిగింది. ఇద్దరికీ ఒకే విస్తరి. మామూలు కేబుల్‌తో పనిచేసేది. ఈ-మార్కర్ చిప్ (కేబుల్ ఎంత మోయగలదో చెప్పేది) ఉన్న లాప్‌టాప్ కేబుల్ పెడితే ఛార్జర్ దాన్ని ఆడియో అడాప్టర్ అనుకుని కరెంటు ఇచ్చేది కాదు. తర్వాతి బోర్డులో సరిచేశారు. అంత పేరున్నవాళ్లకే తప్పలేదు, ట్రిమ్మర్ వాళ్లనేం అంటాం.

ఇంకో మాట, నీళ్లలో కడిగే రకం ట్రిమ్మరైతే విప్పకపోవడమే మేలు. సీలు పోతే మళ్లీ అలా కూర్చోదు.

గడ్డం_గోపి:
దండాలు గురువులూ. ఇది కడిగే రకమే. పైగా నాకు సోల్డరింగ్ రాదు. విప్పకుండా దారేమైనా ఉందా?

సోల్డర్_సుబ్బు:
ఉంది, సులువైనదే. ఫోన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టుకునే ఓటీజీ ముక్క ఉంటుంది చూడు, ఒకవైపు సి మగ పిన్ను, రెండోవైపు ఏ ఆడ సాకెట్. సరిగ్గా చేసిన ఓటీజీ ముక్కలో సీసీ మీద 5.1కె ఉంటుంది. దాన్ని నేరుగా లాప్‌టాప్ ఛార్జర్‌లో గుచ్చు, దానికి డబ్బాలో వచ్చిన ఏ-టు-సి కేబుల్ పెట్టు, రెండో కొస ట్రిమ్మర్‌కి. ఛార్జర్‌కి కనిపించేది ఓటీజీలోని రెసిస్టర్, కాబట్టి 5 వోల్టులు వదిలేస్తుంది. బొటనవేలంత ముక్క, సంచిలో బరువేం కాదు. జాగ్రత్త ఒక్కటే: ఆ ఓటీజీని ఛార్జర్‌లో ఉంచేస్తే దాని ఏ సాకెట్‌లో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. పని అయ్యాక పీకేయ్.

దీనికి తిరగబడ్డ ముక్కలు కూడా అమ్ముతారు, ఏ మగ, సి ఆడ. ఛార్జర్ టైప్-ఏ అయితే అదీ పనికొస్తుంది, కానీ ప్రమాణంలో దానికి చోటు లేదు, అటూ ఇటూ ఏ మగ పిన్నులుండే కేబుల్ తయారుచేసే ప్రమాదం ఉంది. వద్దు.

కేబుల్_కామేశ్వరి:
ఏ-టు-సి కేబుల్‌ని కూడా గుడ్డిగా నమ్మకండి. సి కొసలో వీబస్‌కీ సీసీకీ మధ్య 56కె రెసిస్టర్ ఉండాలి. 'నేను పాత ఏ పోర్టుకి తగిలి ఉన్నాను, మామూలు కరెంటే లాగు' అని పరికరానికి చెప్పేది అదే. కొందరు అక్కడ 10కె వేస్తారు. అప్పుడు ఫోన్ 3 ఆంపియర్లు ఉన్నాయనుకుని లాగేస్తుంది, అవతలేమో అర ఆంపియర్ పోర్టు. 2015లో గూగుల్ ఇంజనీర్ బెన్సన్ లియూంగ్ అమెజాన్‌లో అమ్మే సి కేబుళ్లను ఒక్కొక్కటే పరీక్షించి రివ్యూలు రాయడం మొదలుపెట్టారు. 2016 ఫిబ్రవరిలో ఒక కేబుల్ ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్‌నే తినేసింది. అందులో గ్రౌండూ వీబస్సూ తారుమారయ్యాయి, పైగా 10కె రెసిస్టర్. మన గోపీ ట్రిమ్మర్‌తో అంత సీను ఉండదు, అది లాగేదే తక్కువ. కానీ ఆ కేబుల్‌నే రేపు ఫోన్‌కి పెడతారు కదా.

ఇక ఒకటే కేబుల్ కల గురించి. సాకెట్ ఆకారం ఒకటైందంతే. మామూలు సి-టు-సి మోసేది 3 ఆంపియర్లు, 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించాలంటే ఈ-మార్కర్ చిప్ ఉన్న 5 ఆంపియర్ల కేబుల్ కావాలి, కొత్తవాటి మీద 240డబ్ల్యూ అని రాసి ఉంటుంది. నీ 65 వాట్ల ఛార్జర్‌కి మామూలు కేబుల్ పెడితే 60 దగ్గరే ఆగుతుంది, నష్టమేం లేదు. తమాషా ఏంటంటే, 240 వాట్లు మోసే కేబుళ్లలో చాలావాటి డేటా వేగం 480 మెగాబిట్లే, అంటే 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగం. 50 జీబీ వీడియో ఎక్కించేసరికి ఇరవై నిమిషాలు దాటుతుంది. ఐఫోన్ 15 ప్రోలో 10 గిగాబిట్ల పోర్టు పెట్టి, డబ్బాలో యూఎస్‌బీ 2 కేబుల్ ఇచ్చింది ఆపిల్.

నెట్టింటి_నారద:
పరికరాలకి టైప్-సి ఛార్జింగ్ ఉండాలని యూరప్ వాళ్లు చట్టం చేశారుగా, ఇలాంటి ట్రిమ్మర్లకి మూడింది అనుకున్నానే?

కేబుల్_కామేశ్వరి:
మూడలేదు నారదా. 2024 డిసెంబర్ 28 నుంచి అమల్లోకి వచ్చిన జాబితాలో ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, స్పీకర్లు, కీబోర్డులు, మౌసులు ఉన్నాయి. లాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 గడువు. ట్రిమ్మర్ల మాట అందులో లేదు. కొనేటప్పుడు మనమే చూసుకోవాలి. రివ్యూల్లో 'సి టు సి' అని వెతికితే ఈ ఫిర్యాదు కనబడిపోతుంది. డబ్బాలో ఏ-టు-సి కేబుల్ ఇచ్చి, మాన్యువల్‌లో 'ఈ కేబుల్‌నే వాడండి' అని ఉంటే అనుమానించొచ్చు.

ఓమ్_ఓంకార్:
ఒకటి మర్చిపోయారు అందరూ. 5 వోల్టులే మొదట వస్తాయన్న భరోసా సరైన సి ఛార్జర్లకే. కొన్ని చిన్న మానిటర్లతో, మసాజ్ గన్‌లతో 12 వోల్టుల అడాప్టర్‌కి నేరుగా సి పిన్ను అంటించి ఇస్తారు. అడగడం, చెప్పడం ఏమీ ఉండదు, గుచ్చగానే 12 తోసేస్తుంది. అడాప్టర్ మీద 'అవుట్‌పుట్' దగ్గర 5వి మాట లేకుండా ఒక్క 12వి మాత్రమే ఉంటే, దాని కొసకి ఎర్ర టేపు చుట్టి ట్రిమ్మర్‌కి దూరంగా పెట్టుకో గోపీ.

గడ్డం_గోపి:
ఇంట్లో అలాంటిది ఒకటుంది, మినీ మానిటర్‌ది. టేపు చుడుతున్నా. ఓటీజీ ముక్క కొనేటప్పుడు లోపల 5.1కె ఉందో లేదో షాపులో ఎలా తెలుసుకోవాలి?

సోల్డర్_సుబ్బు:
సి ఛార్జరూ, ఏ-టు-సి కేబులూ, ట్రిమ్మరూ మూడూ పట్టుకెళ్లు. ఛార్జర్‌కి ఓటీజీ గుచ్చి, కేబుల్ పెట్టి, ఎర్ర లైటు వెలిగితే కొను. తిప్పి గుచ్చి కూడా చూడు.