ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల కారు డీటెయిలింగ్ మిషన్ చేతికిచ్చి నేర్పేవాళ్లున్నారా?

అన్నలూ, నాకు కావాల్సింది వాటర్ వాష్ కాదు, పెయింట్ కరెక్షన్, అంటే పెయింట్ మీది గీతల్ని పాలిష్ చేసి తీయడం. రెండు రోజులు సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే రక్షణ పొర) పూయడం చూపించి సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులు వద్దు. గీతలు తీయకుండా కోటింగ్ పూస్తే అవి దాని కిందే ఉండిపోతాయి.

క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద) రుద్దడం అయ్యాక పాత బానెట్ మీద ముందు డ్యూయల్ యాక్షన్ మిషన్‌తో (ప్యాడ్ తిరుగుతూ అటూ ఇటూ ఊగే పాలిషర్), ఆ తర్వాతే రోటరీతో (ప్యాడ్ గుండ్రంగా మాత్రమే తిరిగే పాలిషర్) సాధన చేయించాలి. రంగు పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోట్, మామూలుగా 40-50 మైక్రాన్లే. అంచుల దగ్గర రోటరీ కాస్త ఆగినా వేడికి కాలిపోతుంది, ఇక మళ్లీ పెయింట్ వేయించాల్సిందే. అందుకే మందం కొలిచే గేజ్ వాడకం తప్పనిసరిగా నేర్పాలి. పాలిష్‌కి వాడే పేస్ట్, కాంపౌండ్‌లోని నూనె సన్న గీతల్ని కప్పేస్తుంది కాబట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూసుకోవడం కూడా.

మన వైపు చిక్కులు వేరే. చీమకుర్తి గ్రానైట్ దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే గీతలే. ఉప్పు బోరునీళ్లు ఎండలో ఆరితే తెల్లమచ్చలు పడతాయి. ఇవి రోజూ చూసే స్టూడియో అయితే మరీ మంచిది.

రెండు మూడు నెలలు పనిలో పెట్టుకుని నేర్పేవాళ్లు ఇక్కడ ఉన్నారా, చెన్నై వెళ్లాల్సిందేనా? ఫీజు ఎంత, బ్యాచ్‌కి ఎందరు, ఒక్కొక్కరికి మిషన్ ఎన్ని గంటలు దొరుకుతుంది? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.